అరుగు మీద పొగాకు కొట్టు

తోటపల్లి గూడూరులో పొగాకు పండదు. మాది వరి మాగాణి, ఆవల రొయ్యల గుంటలు, ఆ ఆవల సముద్రం. అయినా అరవయ్యేళ్లుగా ఊళ్లో ఓ పొగాకు కొట్టు నిలబడి, ఇప్పుడు వజ్రోత్సవం జరుపుకుంటోంది. సంచికకు నాలుగు మాటలు రాయమని కమిటీవారు అడిగితే కాదనలేకపోయాను. నేను చుట్ట కాల్చింది లేదు. కొట్టుకు పోకుండా పెరిగిందీ లేదు.

కొట్టు పెట్టిన పెద్దాయనకు ఆకే లోకం. గోదావరి లంకల్లో, వరద తీసిన ఒండ్రులో పండే లంకాకంటే ఆయనకు ప్రాణం. మొదట్లో బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో సరుకు వచ్చేదని చెప్పేవారు. 1965, 66 తుఫాన్లకు కాలువ దెబ్బతిన్నాక రైల్లో నెల్లూరు, అక్కణ్ణుంచి ఎద్దుబండి. కట్ట విప్పగానే ఆకు చెవి దగ్గర పెట్టుకుని వేళ్లతో మెల్లిగా సాగదీసేవారు. గలగలమంటే ఎండిపోయినట్టు, చుట్టబోతే చిట్లిపోతుంది. చప్పుడే లేకుండా చేతికి అంటుకుంటే తేమెక్కినట్టు, నాలుగు రోజుల్లో బూజు. రెంటికీ నడుమ ఉండేదే పదును. కార్తీకంలో ముసురు పట్టి సముద్రపు గాలి తోలిందంటే ఆకు పదును కాపాడడం పసిబిడ్డను సాకడమే. కట్టలకు గోనెపట్టాలు చుట్టి, చెక్కల మీదికెత్తి, పొద్దుకు రెండుసార్లు తడిమి చూసేవారు. ఎండిన ఆకు మీద బెల్లం నీళ్లు చిలకరించిన పూట ఆ వాసన వీధి మలుపు దాకా వచ్చేది.

గుంజకు వేలాడుతూ కొబ్బరితాడు ఒకటి పగలంతా రాజుకుంటూ ఉండేది. చుట్ట కొన్నవాడు దాని కొస పట్టుకుని ముట్టించుకుని అరుగెక్కేవాడు. అసలు సుఖం ఆ తర్వాతే. సముద్రం మీదికి పోయేవాళ్లకు గాలికి ఆరని లావుపాటి చుట్ట కావాలి. ముసలమ్మలకు ఆకువక్కలోకి కాడ కావాలి. అయ్యవారికి పొడుం. కాళహస్తి దారిన పోయే సాధువులు చిలుంలోకి ఆకు నలిపించుకునేవాళ్లు. “ఏందబ్బయా, నిన్నటిది దగ్గు తెప్పించిందా?” అని అడిగి, ఎవరికే ఆకు సరిపడుతుందో చూసి ఇచ్చేవారు పెద్దాయన. గిరీశం లాంటి వాడొచ్చి అప్పడిగితే ఆయనే చుట్ట ముట్టించి ఇచ్చి, అప్పు సంగతి మాత్రం మరిపించేవారు. అరుగు మీద అందరికీ చోటు ఉండేదని సంచికలో ఇంకెవరో రాస్తున్నారట. కింద నిలబడి కొనుక్కుపోయినవాళ్లు నాకు గుర్తున్నారు.

డెబ్బైలు, ఎనభైలు కాలక్షేపంగా నడిచిపోయాయి. సిగరెట్ పెట్టె వచ్చింది, బీడీ కట్ట వచ్చింది, చుట్ట తగ్గింది.

1989 నవంబరులో కావలి తుఫాను వచ్చింది. కొట్టు పైరేకులు లేచిపోయాయి. ఒక్క రాత్రిలో ఆకంతా నానిపోయింది. తెల్లారి పెద్దాయన కట్టలు విప్పి చూసి, చెడిన ఆకును కొట్టు ముందు పోయించి, కావలసినవాళ్లు పట్టుకుపొమ్మన్నారు. రైతులు దాన్ని ఉడికించి, ఆ కషాయం పురుగు పట్టిన మళ్లకు చల్లుకున్నారు. పద్దు పుస్తకంలో రైతుల బాకీలన్నీ ఆయనే కొట్టేశారు. అంత నష్టంలోనూ ఇంత మనసా అని ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. నేనూ చెప్పుకుంటాను.

అయితే వెనక వసారాలో చుట్టలు చుట్టే ఆడవాళ్లు ఉండేవాళ్లు. మా పిన్నమ్మ వాళ్లలో ఒకతె. ఈనె తీసి, లోపలాకు సర్ది, పై ఆకు బిగించి చుట్టి, దారం కట్టేది. నూటికింతని కూలి. ఆ రాత్రి ఆకుతో పాటు చుట్టి పెట్టిన చుట్టలూ తడిశాయి. తడిసిన సరుకుకు కూలెక్కడిదన్నారు. బీడీ, చుట్ట కార్మికుల కోసం పార్లమెంటు 1966లోనే చట్టం చేసింది. అది మా వసారా దాకా రాలేదు. పెద్దాయన మీద గౌరవం చెక్కుచెదరకుండానే ఈ మాట రాస్తున్నాను. ఆయన ఉంటే చదివి ఊరుకునేవారు కాదు.

తర్వాత 2003 చట్టం వచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదు, బడికి వంద గజాల లోపల అమ్మకూడదు. మంచిదే. అరుగు మీద కూర్చున్నవాళ్లలో నోటి పుండుతో పోయినవాళ్లు నాకు తెలుసు, ఆ సంగతి దాచి సుఖాలు మాత్రమే రాస్తే తప్పవుతుంది. 2008 గాంధీ జయంతి నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ మానమన్నారు. కొబ్బరితాడు తీసేశారు. ఇప్పుడు మనవళ్లు ముందు వరసలో రొయ్యల మేత, వెనక అరలో పొగాకు పెట్టి కొట్టు నడుపుతున్నారు. కందుకూరు వేలం మాటలు వాళ్ల ఫోన్లలోనే నడుస్తాయి.

కమిటీవారు పంపిన జాబితా ఇక్కడ చేర్చాలి. పందిరి వేయించినవారు, కాటా ఇచ్చినవారు, భోజనాల ఖర్చు భరించినవారు, మైకు సెట్టు తెచ్చినవారు, సంచిక ముద్రణకు చందాలిచ్చిన నెల్లూరు వర్తకులు, గల్ఫ్ నుంచి డబ్బు పంపిన కుర్రాళ్లు, అందరికీ కృతజ్ఞతలు. వారి పేర్లు చివరి పుటలో ఉన్నాయి. ఆ పుట అడుగున “తదితర శ్రామికులు” అని ఒక్క మాట ఉంది. ఆ తదితరుల్లో పన్నెండు మంది పేర్లు పిన్నమ్మ నాకు రాయించింది. కమిటీవారు అడిగితే ఇస్తాను, ఆ నవంబరు కూలి లెక్కతో సహా.