కతోలిక సంబంధం దొరికేదెక్కడ? – మన వివాహాల చరిత్రలో కొన్ని పుటలు

శతాబ్ది సంచికలలో సాధారణంగా దేవాలయాల శంకుస్థాపనలు, మేత్రాణుల అభిషేకాలు, పాఠశాలలు, వైద్యశాలలు చరిత్రగా అచ్చవుతుంటాయి. అవి రావలసినవే. అయితే విచారణ కార్యాలయం బీరువాలో ఉన్న వివాహాల పుస్తకాన్ని చరిత్రగా ఎవరూ చదవరు. వరుని పేరు, వధువు పేరు, తల్లిదండ్రుల పేర్లు, సాక్షులు, గురువుల సంతకం, అక్కడక్కడ అంచున ‘మినహాయింపు’ అని సూచించే ఒక చిన్న గుర్తు. ఆ గుర్తు వెనుక ఒక కుటుంబం నెలల తరబడి తిరిగిన తిరుగుడు ఉంటుంది. కతోలిక యువతీ యువకులకు తమ విశ్వాసంలోనే తోడు దొరకడం ఎందుకు కష్టమయిందో తెలుసుకోవాలంటే ఆ గుర్తుల దగ్గరనే మొదలుపెట్టాలి.

ఈ పుస్తకం అసలు ఎందుకు పుట్టింది? ఐరోపాలో రహస్య వివాహాలు పెరిగిపోయి, ఒకరిని పెండ్లాడినవారు కాదని మరొకరిని చేసుకోవడం సాగుతుండగా, త్రెంతు మహాసభ 1563 నవంబరులో ‘తమెత్సి’ అనే శాసనం చేసింది. విచారణకర్త ఎదుట, ఇద్దరు ముగ్గురు సాక్షుల ఎదుట జరిగినదే వివాహం. అంతకు ముందు మూడు పండుగ దినాలలో దేవాలయంలో ప్రకటన చదవాలి. జరిగినది పుస్తకంలో వ్రాయాలి. నేటికీ ఆదివారం పూజలో పెండ్లి ప్రకటనలు చదువుతున్నప్పుడు వెనుక బల్లలవారు కూడా మెడలు చాచి వింటారంటే, ఆ అలవాటుకు నాలుగున్నర శతాబ్దాల వయస్సున్నది.

తెలుగు నేలకు ఈ చట్టం యేసుసభ గురువులతో వచ్చింది. పద్దెనిమిదవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఫ్రెంచి యేసుసభవారు పుంగనూరు ప్రాంతంలో కర్ణాటక మిషన్ పని ఆరంభించారు. సన్యాసుల వేషంలో, శాకాహారులై, దేశాచారాలను పాటిస్తూ వచ్చిన గురువులు వారు. ఆ కాలంలోనే, 1704లో, పోపుగారి ప్రతినిధి తూర్నోన్ పుదుచ్చేరిలో ఇచ్చిన ఆజ్ఞలో తాళిబొట్టు ప్రసక్తి వచ్చింది. దేవతామూర్తి చెక్కిన తాళి క్రైస్తవ స్త్రీ కట్టుకోరాదన్నారు. సిలువ గుర్తుగల తాళి మనకు అటువంటి వివాదాల నడుమ నిలిచినదే. అంటే ఈ దేశంలో శ్రీసభకూ బంధువర్గానికీ మధ్య మొదటి తగవులలో ఒకటి పెండ్లి పందిరి క్రిందనే పుట్టింది.

రాయలసీమ గ్రామాలలో రెడ్డి, కమ్మ కుటుంబాలు కొన్ని జ్ఞానస్నానం పొందాయి. కరవులు, కలతల వల్ల వారిలో కొందరు తూర్పుగా గుంటూరు సీమకూ, దక్షిణంగా తమిళ దేశానికీ వలస వచ్చారు. 1773లో యేసుసభ రద్దయిన తరువాత గురువులు కరవయ్యారు. గురువు లేని ఊరిలో విశ్వాసాన్ని నిలిపినవి కుటుంబాలు, ఉపదేశులు. కొద్దిపాటి ఇండ్లు, దూరదూరంగా చెదరిన ఊళ్ళు. అటువంటప్పుడు పెండ్లి సంబంధాలు ఆ కొద్ది ఇండ్ల మధ్యనే కలుపుకున్నారు. చెదరిన ఊళ్ళను ఒక సంఘంగా నిలిపిన దారాలలో ఆ వియ్యాలు ఒకటని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

అయితే అక్కడే చిక్కు వచ్చింది. తెలుగువారికి మేనరికం హక్కు వంటిది. మేనత్త కొడుకు, మేనమామ కూతురు ఉండగా బయటి సంబంధం చూడడం ఒకప్పుడు అవమానంగా ఎంచేవారు. మేనమామకే పిల్లనివ్వడం కూడా మన దేశాచారమే. శ్రీసభ చట్టం మాత్రం రక్తసంబంధాన్ని తరాలతో లెక్కిస్తుంది. 1215లో నాలుగవ లాతెరాను మహాసభ నిర్ణయించిన లెక్క ప్రకారం, ఇద్దరికీ ముత్తాత తండ్రి ఒకడైనా వివాహం కుదరదు. 1917 చట్టసంపుటి, అమలుకు వచ్చిన 1918 నుండి, ఆ హద్దును ముత్తాత వరకు తగ్గించింది. 1983 చట్టసంపుటి మరింత తగ్గించి తాత వరకే ఉంచింది. మూడు చట్టాలలోనూ మేనరికం నిషేధంలోనే ఉన్నది, మినహాయింపు ఉంటే తప్ప.

మనవారికి మరీ వింతగా తోచినది మరొకటి. పెదనాన్న కొడుకు మనకు అన్న; అతనితో పెండ్లి మాట అనడానికే నోరు రాదు. మేనత్త కొడుకు బావ. రోమా చట్టానికి ఈ తేడా లేదు, ఇద్దరూ ఒకే దూరం. మన వరుసలు ఆ లెక్కలో ఇమడవు. ‘యాకోబు తన మేనమామ లాబాను కూతుళ్ళనే చేసుకోలేదా?’ అని అడిగే పెద్దలను ఈ వ్యాసకర్త చూశాడు. ప్రశ్న గడుసుదే. జవాబుగా గురువులు ధర్మశాస్త్రం వినిపించినా, చివరకు రోమా ఇచ్చిన అధికారంతో మేత్రాణులు మినహాయింపులు మంజూరు చేస్తూనే వచ్చారు. మన పుస్తకాల అంచులలోని గుర్తులలో ఇవి ఒక రకం. కాదంటే ఆ పిల్లకు ఇరవై కోసుల లోపల మరొక కతోలిక వరుడు దొరకడేమోనన్న భయం వారికీ ఉండేది.

పందొమ్మిదవ శతాబ్దంలో పరిస్థితి మారింది. 1846లో విశాఖపట్నం వైపు ఫ్రాన్సిస్ దె సేల్సు సభ గురువులు, 1875 తరువాత మద్రాసు మిషన్‌లో మిల్‌హిల్ గురువులు వచ్చి పని విస్తరింపజేశారు. ఆ శతాబ్దపు చివరి భాగంలోనూ, ఇరవయ్యవ శతాబ్దంలోనూ మాల, మాదిగ పల్లెలు పెద్ద సంఖ్యలో కతోలిక విశ్వాసంలోకి వచ్చాయి. కతోలికుల సంఖ్య పెరిగింది కనుక సంబంధాలు సులువు కావాలి. కాలేదు. కారణం అందరికీ తెలిసినదే. దేవాలయం ఒకటైనా వియ్యం ఒకటి కాలేదు. ఒకే పీఠం వద్ద దివ్యసత్ప్రసాదం స్వీకరించినవారు సంబంధం మాట వచ్చేసరికి ‘మనవాళ్ళేనా?’ అని అడిగారు. ఇక్కడ ‘మనవాళ్ళు’ అంటే కతోలికులు అని అర్థం కాదు.

మరొక ప్రక్క మన పొరుగున ఇతర క్రైస్తవ సంఘాలు ఎదిగాయి. గుంటూరులో 1842 నుండి లూథరన్లు, నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలలో అమెరికన్ బాప్టిస్టులు, మచిలీపట్నంలో చర్చి మిషనరీ సొసైటీవారు. బంధువులలోనే ఒకరు ఇటు, ఒకరు అటు. మేనమామ లూథరన్, మేనకోడలు కతోలిక. మామూలుగా చూస్తే సంబంధం ఇంటిలోనే ఉన్నది. కాని 1908 ఈస్టరు నుండి అమలయిన ‘నె తెమెరె’ శాసనం ప్రకారం కతోలికులు ఇతర సంఘపు బోధకుని ఎదుట చేసుకున్న వివాహం చెల్లదు. 1917 చట్టసంపుటి దానికి వెలి శిక్షను జోడించింది. అనుమతి పొంది చేసుకున్నా, పుట్టబోయే పిల్లలకు కతోలిక జ్ఞానస్నానం ఇప్పిస్తామని ఇద్దరూ మాట ఇవ్వాలి. ఆ పెండ్లి సాధారణంగా దేవాలయం లోపల జరిగేది కాదు. గురువుల ఇంటిలోనో మరెక్కడో, పూజ లేకుండా, ముగించేవారు. పెండ్లికూతురు తల్లికి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇక బాప్టిస్టు సంబంధాలలో మరో మెలిక ఉన్నది. వారు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. ఆ పిల్ల ఇంకా బాప్తిస్మం తీసుకోకపోతే, ఆదివారం తప్పకుండా గుడికి వెళ్ళే క్రైస్తవురాలైనా, చట్టం దృష్టిలో హిందూ పిల్లతో సమానమైన అడ్డంకే. ఈ సంగతి తెలియక నిశ్చితార్థం అయిన తరువాత కంగారుపడే కుటుంబాలు నేటికీ ఉన్నాయి.

రెండవ వాటికను మహాసభ తరువాత తలుపులు కొంత తెరుచుకున్నాయి. 1966లో ఆ వెలి శిక్ష రద్దయింది. 1970 మార్చి 31న ఆరవ పౌలు పోపుగారు ‘మత్రిమోనియ మిక్స్తా’ అనే లేఖ ద్వారా, పిల్లలను గూర్చిన మాట కతోలిక పక్షం ఇస్తే చాలునని, రెండవ పక్షానికి ఆ సంగతి తెలియజేయాలని నిర్ణయించారు. 1983 చట్టసంపుటి దీనినే నిలిపింది. నేడు సి.ఎస్.ఐ. వరునితో కతోలిక వధువు వివాహం మేత్రాసన అనుమతితో మన దేవాలయంలోనే జరుగుతుంది. హిందూ వరునితో అయితే మినహాయింపు కావాలి, అదీ దొరుకుతుంది. పునీత పౌలు కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖలోనే అవిశ్వాసి అయిన భర్తతో కాపురం చేసే భార్యను గూర్చి ఎంత ఉదారంగా మాట్లాడాడో చదివినవారికి ఇందులో కొత్త లేదు.

కనుక రోమావారి కంచె ఒక్కొక్క మెట్టు దిగుతూ వచ్చింది. మన కంచె సంగతి ఏమిటి? 2011 జనాభా లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులందరూ కలిసి నూటికి 1.34. అందులో కతోలికులు ఒక భాగం. ఆ భాగంలో కులం, ఉపకులం, జిల్లా, చదువు, ఉద్యోగం అని వడపోస్తూ పోతే చివరకు జల్లెడలో ఎందరు మిగులుతారు? కట్నం మాట వేరే చెప్పనక్కర లేదు. దివ్యసంస్కారాన్ని సంత బేరంగా మార్చినది శ్రీసభ చట్టం కాదు.

దళిత కుటుంబాలకు ప్రభుత్వ చట్టం వల్ల వచ్చిన ఇబ్బంది మరొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో వారు బీసీ-సి క్రింద వస్తారు. అందువల్ల కొన్ని ఇండ్లలో కాగితం మీద ఒక మతం, ఆదివారం మరొక మతం. అటువంటి ఇంటి పిల్ల కతోలిక సంబంధం కోసం బాహాటంగా ప్రకటన ఇవ్వడానికి జంకుతుంది. దేవాలయంలో పెండ్లి ఫొటో కూడా ఉద్యోగానికి ముప్పు అవుతుందేమోనన్న భయం. ఆ భయాన్ని తేలికగా నిందించడం అన్యాయం. 2022లో దళిత వర్గం నుండి తొలి కార్డినల్‌గా పూల ఆంథోని గారు నియమితులైనప్పుడు కులభేదం లేకుండా మనమందరం చప్పట్లు కొట్టాము. అదే చప్పట్లు కొట్టినవారి ఇండ్లలో వియ్యాల లెక్క ఏమైనా మారిందా అంటే, జవాబు వివాహాల పుస్తకమే చెప్పాలి.

ఇంతలో కాలం ఆగలేదు. చదువుకుని, బెంగుళూరులోనో, కువైట్‌లోనో, అమెరికాలోనో ఉద్యోగం చేస్తూ ముప్పై దాటిన కతోలిక యువతులు, యువకులు మన విచారణలలో చాలామంది ఉన్నారు. ‘ఇంకా ఎప్పుడమ్మా?’ అని పూజ అయిన వెంటనే గుమ్మంలో అడగడం మానుకుంటే వారికి గుడికి రావడం కొంత సులువవుతుంది. వారిలో కొందరు తమ పనిచోట పరిచయమైన హిందూ స్నేహితులనో స్నేహితురాళ్ళనో 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం క్రింద, ముప్పై రోజుల నోటీసు ఇచ్చి, రిజిస్ట్రారు ఎదుట పెండ్లాడుతున్నారు. దేశ చట్టానికి ఆ వివాహం పూర్తిగా చెల్లుతుంది. 1872 నాటి చట్టం క్రింద అయితే తన మతం తనది కాదని చెప్పవలసి వచ్చేది. నేడు ఆ అవసరం లేదు. శ్రీసభ దృష్టిలో మాత్రం మినహాయింపు లేని ఆ వివాహం చెల్లదు. అప్పటి నుండి ఆ బిడ్డ దివ్యసత్ప్రసాదానికి రాదు. తల్లిదండ్రులు సిగ్గుతో విచారణకర్తకు చెప్పరు. పిల్లలు పుట్టిన తరువాత జ్ఞానస్నానం మాట వచ్చినప్పుడు గాని సంగతి బయటపడదు.

అటువంటి తల్లిదండ్రులకు తెలియవలసిన విషయం ఒకటి ఉన్నది. ఆ వివాహాన్ని సరిచేసే మార్గం చట్టంలోనే ఉన్నది. భార్యాభర్తలిద్దరూ ఒప్పుకుంటే, మినహాయింపు తీసుకుని, గురువు ఎదుట ఇద్దరు సాక్షులతో సమ్మతిని కొత్తగా చెప్పవచ్చు. మేళతాళాలు అక్కర లేదు. ఒకవేళ హిందూ భర్త దాంపత్యానికి కట్టుబడి ఉండి, గుడిలో మళ్ళీ పెండ్లి ఎందుకని రానంటే, అందుకూ దారి ఉన్నది. వారి తొలి సమ్మతి ఇంకా నిలిచి ఉన్నదని తెలుసుకుని, కావలసిన షరతులు కుదిరితే, మేత్రాణులే ఆ వివాహాన్ని మూలం నుండి సరిచేయవచ్చు. 1983 చట్టసంపుటి ఆ అధికారం వారికి ఇచ్చింది. దానికి కావలసినవి కతోలిక పక్షం జ్ఞానస్నాన పత్రం, రిజిస్ట్రారు ఇచ్చిన పత్రం, విచారణకర్తతో ఒక గంట మాట్లాడడం. మిగిలిన ఉత్తరప్రత్యుత్తరాలు విచారణ కార్యాలయం చూసుకుంటుంది.