పొదుపు, లోభం, పెండ్లి: ‘అహ నా పెళ్ళంట!’ ప్రేక్షకాదరణ

ప్రవేశిక:

తెలుగు హాస్యంలో లోభికీ పెండ్లికీ సంబంధం పాతదే. గురజాడ ‘కన్యాశుల్కం’ (1897)లో లుబ్ధావధాన్లు వృద్ధాప్యంలో శుల్కమిచ్చి బాలికను పెండ్లాడ జూస్తాడు. తొంభై ఏళ్ళ తరువాత, 1987లో, జంధ్యాల దర్శకత్వంలో డి. రామానాయుడు నిర్మించిన ‘అహ నా పెళ్ళంట!’లో లోభి ఆడపిల్ల తండ్రిగా కనిపిస్తాడు. ఆదివిష్ణు నవల ‘సత్యంగారిల్లు’ ఈ చిత్రానికి ఆధారం. ఈ లోభిని ప్రేక్షకులు ఎందుకు ఆదరించారో పరిశీలించడం వ్యాసోద్దేశం.

హాస్య స్వరూపం:

లక్ష్మీపతి (కోట శ్రీనివాసరావు) వేలాడదీసిన కోడిని చూస్తూ వట్టి అన్నం తింటాడు. వార్తాపత్రికను బట్టగా చుట్టుకుంటాడు. అతని కొలువులో నలిగేవాడు అరగుండు (బ్రహ్మానందం). లుబ్ధావధాన్ల లెక్కకు పసిపిల్ల బలికావలసి వస్తే, లక్ష్మీపతి లోభం ముందుగా అతని కంచాన్నే తాకుతుంది. అందుకే ఇక్కడి నవ్వులో ఏవగింపు తక్కువ. కథానాయకుడు (రాజేంద్రప్రసాద్) సైతం అతనిని సంస్కరించడు. అతనిని మించిన లోభిగా నటించి మెప్పిస్తాడు.

ఆదరణకు నేపథ్యం:

కోట స్వస్థలం కృష్ణాజిల్లా కంకిపాడు. నాడు అదే జిల్లాలోని నూజివీడు (2022 నుంచి ఏలూరు జిల్లా) మామిడి సీమ జీవనం ఈ హాస్యాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడుతుంది. మామిడి రాబడి ఏటికొక్కసారే. పూత నిలవాలి, పిందె రాలకూడదు, గాలివాన రాకూడదు. చేతికందిన సొమ్ము మరుసటి వేసవి దాకా సరిపోవాలి. అటువంటి సీమలో పొదుపు సద్గుణం. లోభం దాని వికృతి. ఆ రెండింటి మధ్య హద్దును పరీక్షించేది ఆడపిల్ల పెండ్లి.

వరకట్న నిషేధచట్టం 1961లోనే వచ్చినా కట్నం ఆగలేదు. వరకట్న మరణాన్ని ప్రత్యేక నేరంగా 1986లో శిక్షాస్మృతిలో చేర్చవలసి వచ్చింది. మరుసటి ఏడే ఈ చిత్రం విడుదలైంది. పెండ్లికి తలవంచి అప్పులపాలయ్యే తండ్రులున్న కాలంలో, రూపాయి వదలని ఆడపిల్ల తండ్రి నవ్వుతోపాటు ఊరటనూ కలిగించాడని భావించవచ్చు.

ముగింపు:

కోడి సన్నివేశం పిసినారితనానికి ఉదాహరణగా నేటికీ సంభాషణల్లో వినిపిస్తుంది. అత్తిలిలో తెలుగు అధ్యాపకుడిగా పనిచేసిన బ్రహ్మానందానికి గుర్తింపు తెచ్చిన పాత్ర అరగుండు. మోటు హాస్యమని పక్కన పెట్టకుండా చదివితే, కన్యాశుల్కం నుంచి వరకట్నం దాకా మారిన పెండ్లి లెక్కలకు ఈ చిత్రం ఒక చారిత్రక సాక్ష్యం.