నుకులావు దీవిలో మన పెద్దలు

1879లో కలకత్తా నుంచి ‘లియోనిడాస్’ ఓడతో ఫిజీకి కూలీల వలస మొదలయింది. 1903లో మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు రాసాగాయి. 1916లో ఆఖరి ఓడ వచ్చేలోగా విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుంచి మన తాతలు, అవ్వలు ఎందరో వచ్చారు.

వారిలో చాలామంది తొలుత కాలు మోపినది సువా పట్నంలో కాదు, దాని చేరువనున్న నుకులావు అనే చిన్న దీవిలో. కొబ్బరిచెట్లు, ఇసుక, ఉప్పుగాలి కోస్తావారికి వింత కాదు. వింతయినది ఆపైన జరిగినది. అంటువ్యాధుల భయంతో కొన్నాళ్లు అక్కడే ఆపేవారు. డాక్టరు పరీక్షించేవాడు. పిదప చెరకు తోటలకు పంపకం! ఓడలో అన్నదమ్ములైనవారు తలొక తోటకు పోవలసివచ్చేది. గిర్మిట్ అయిదేళ్లు. నిండు పనికి మగవారికి రోజుకు ఒక షిల్లింగు, ఆడవారికి తొమ్మిది పెన్నీలు.

వారిలో చాలామందికి వ్రాత రాదు. దీవిని చూసి ఏమనుకున్నారో కాగితం మీద పెట్టలేదు. సర్కారు మాత్రం వారిని చూసి వ్రాసుకుంది: పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఎత్తు, ఒంటిమీది మచ్చలు. ఆ వలస పాసులు ఫిజీ జాతీయ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. అయితే గుమాస్తా చెవికి తోచినట్లు ఇంగ్లీషులో వ్రాసిన ఆ పేర్లలో ‘ళ’ లేదు, ‘ణ’ లేదు, దీర్ఘం లేదు. ఊరి పేరు సరిగా పలకాలంటే తెలుగు రావాలి.

తోటలలో అందరినీ కలిపిన హిందీ మన ఇళ్లలోకీ వచ్చింది, తెలుగు పెరట్లోకి జరిగింది. దానిని నిలుపుకోవాలనే 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం వెలసింది. మేమూ పెద్దవయసున సాయంకాలపు తరగతిలో అక్షరాలు దిద్దినవారమే.

మీ ఇంటి పాసు నకలు తెప్పించుకోండి. అందులోని ఊరి పేరును పిల్లలచేత తెలుగులో వ్రాయించి, నోరారా పలికించండి.