ఎన్.సి.సి. ఫారంపై తల్లిదండ్రుల సంతకం: కొంత చరిత్ర

పిల్లవాడు ఎనిమిదో తరగతికి వచ్చాడో లేదో, బడి నుంచి ఒక ఫారం పట్టుకొస్తాడు. "అబ్బా, ఎన్.సి.సి.లో చేరతాను, సంతకం పెట్టండి" అంటాడు. తండ్రి కలం తీసేలోపే తల్లి అడ్డు పడుతుంది. "రేపు లడాయి వస్తే బిడ్డను తోలుకుపోతారటగా!" అంటుంది. ఈ భయం మన ఇళ్లలో చాలాకాలంగా ఉన్నదే. దీన్ని నవ్వి కొట్టివేయరాదు. ఈ సంస్థకు ముందు ఏమున్నదో చూచినచో, ఆ భయం గాలిలోంచి పుట్టలేదని పాఠకులకు బోధపడగలదు.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిషు సర్కారుకు సైన్యంలో మనుషులు చాలలేదు. ఆ కొరత తీర్చుకొనుటకు 1917లో విశ్వవిద్యాలయాల్లో 'యూనివర్సిటీ కోర్' అనే దళాలు పెట్టారు. 1920లో ఇండియన్ టెరిటోరియల్ ఫోర్స్ చట్టం వచ్చాక దాని స్థానంలో 'యూనివర్సిటీ ట్రైనింగ్ కోర్' వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధం నడుమ, 1942లో, దాని పేరులో 'ఆఫీసర్స్' అనే మాట కూడా చేర్చారు. పేరు పెరిగింది గాని ఫలితం పెరగలేదు. యుద్ధకాలంలో అది తెల్లదొరలు ఆశించినంతగా అక్కరకు రాలేదు. రావడానికి వీలేది? అదే 1942లో క్విట్ ఇండియా అని విద్యార్థులు కాలేజీలు వదిలి వీధుల్లోకి వస్తూ ఉంటే, పాలకుని యూనిఫారం మనసారా తొడుక్కునేవాళ్లు ఎందరుంటారు?

స్వాతంత్ర్యం దగ్గర పడుతున్నప్పుడు, 1946లో, పండిత హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. స్కూళ్లలో, కాలేజీల్లో దేశవ్యాప్తంగా కేడెట్ సంస్థ ఎట్లుండాలో చెప్పమన్నారు. ఇక్కడ ఒక్క సంగతి గమనించాలి. కుంజ్రూగారు సిపాయి కారు. సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీకి అధ్యక్షులు, స్కౌటు ఉద్యమంలో పెద్దలు. తరువాత భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌కు మొదటి జాతీయ కమిషనరు అయ్యారు. అందుచేతనే కాబోలు, ఆయన కమిటీ పిల్లవాణ్ణి సైన్యానికి ముడిసరుకుగా చూడలేదని నాకు తోస్తుంది. కమిటీ నివేదిక 1947 మార్చిలో అందింది. 1948లో, శాసనసభ హోదాలో, రాజ్యాంగ సభ నేషనల్ కేడెట్ కోర్ చట్టం చేసింది. ఆ జూలైలోనే సంస్థ మొదలైంది.

ఆ తల్లి ప్రశ్నకు జవాబు ఈ చట్టంలోనే కలదు. విద్యార్థి తనంతట తానే ముందుకు వచ్చి చేరవచ్చునని అందులో ఉన్నది. కేడెట్‌గా ఉన్నంత మాత్రాన యుద్ధసేవకు పోవలసిన బాధ్యత లేదని కూడా స్పష్టంగా రాసి పెట్టారు. చట్టం పుట్టిననాటి మాట ఇది. సర్కారు దయ మీద ఆధారపడిన మాట కాదు.

మరి బలవంతం ఎన్నడూ లేదా అంటే, కొన్నాళ్లు ఉండినది. 1962లో చైనాతో యుద్ధం జరిగిన మరుసటి ఏడు, అంటే 1963లో, కాలేజీ కుర్రాళ్లందరికీ ఎన్.సి.సి. తప్పనిసరి చేశారు. అప్పుడు కూడా తప్పనిసరి అయింది పెరేడే గాని యుద్ధం కాదు. అయినా భయం నాటుకుపోయింది. పైగా ఇష్టం లేనివాణ్ణి మైదానంలో నిలబెడితే మిగిలేది హాజరు పట్టీయే. అందరికీ బూట్లు, బట్టలు, నేర్పేవాళ్లు ఎక్కడి నుంచి తేగలరు? అయిదేళ్లు తిరిగేసరికి, 1968లో, మళ్లీ ఐచ్ఛికం చేశారు. ఆ పైఏడు గాంధీజీ శతజయంతి సందర్భంగా ఎన్.ఎస్.ఎస్. వచ్చింది. కవాతు వద్దు, సేవ కావాలి అనుకునేవాడికి అదొక దారి అయింది.

1965, 1971 యుద్ధాల్లో కేడెట్లు పనికొచ్చిన మాట నిజమే. ఆయుధ కర్మాగారాల్లో సాయపడ్డారు, పౌరరక్షణలో, ట్రాఫిక్ అదుపులో పని చేశారు. అయితే ఆ యుద్ధాల తరువాత సిలబస్ తిరగరాశారు. సైనిక శిక్షణ భాగం తగ్గించి, నాయకత్వం, సంఘసేవ పాళ్లు పెంచారు. సంఘసేవ అంతకుముందే, 1953లో, నెహ్రూగారి కోరికపై సిలబస్‌లో చేరి ఉన్నది.

ఇంతకూ పిల్లవాడు చేసేదేమిటి? స్కూలు పిల్లలకు రెండేళ్ల శిక్షణ. డ్రిల్లు, మ్యాపు చదవడం, ప్రథమచికిత్స, చిన్న .22 రైఫిలు కాల్చడం, ఒక క్యాంపు. నూటికి 75 పాళ్లు హాజరు, క్యాంపు ఉంటే 'ఎ' సర్టిఫికెట్ పరీక్షకు కూర్చోవచ్చు. పెరేడు అయ్యాక పెట్టే టిఫిను కోసమే చేరినవాళ్లు నా తరగతిలో చాలామందే ఉండేవారు. వాళ్లూ నిటారుగా నిలబడటం నేర్చుకునే బయటపడ్డారు. నేర్పేవాడు చాలావరకు ఆ బడి పంతులే. నాగపూరు దగ్గర కామ్టీలో శిక్షణ పొంది వస్తాడు, స్త్రీలైతే గ్వాలియరులో.

'ఎ' సర్టిఫికెట్‌తో మిలిటరీ ఉద్యోగం ఖాయం అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అసలు విలువ కాలేజీలో మూడేళ్లు చేసి సంపాదించే 'సి' సర్టిఫికెట్‌ది. అది మంచి గ్రేడుతో, డిగ్రీతో పాటు ఉంటే, సైన్యంలో ఆఫీసరు కోసం యు.పి.ఎస్.సి. రాతపరీక్ష లేకుండానే ఎన్.సి.సి. స్పెషల్ ఎంట్రీ కింద సెలెక్షన్ బోర్డు ముందుకు పోవచ్చు. అక్కడి అయిదు రోజుల ఇంటర్వ్యూలో, వైద్యపరీక్షలో నెగ్గవలసింది మాత్రం వాడే.

ఆడపిల్లల మాట వచ్చేసరికి ఇంకా వెనుకంజ వేస్తాం. కాని బాలికల విభాగం 1949లోనే, అంటే సంస్థ పుట్టిన ఏడాదికే మొదలైంది. వాళ్ల కోసం మహిళా ఆఫీసర్లు, మహిళా బోధకులు ఉన్నారు. విచారించదగిన సంగతి ఏమంటే, ఆ పిల్లలకు డాక్టరు, నర్సు పనులు తప్ప సైన్యంలో ఆఫీసరు తలుపు 1992 దాకా తెరుచుకోలేదు. నలభై మూడేళ్లు మన అమ్మాయిలు పెరేడు చేసి, సర్టిఫికెట్ బీరువాలో దాచుకున్నారు. 2022లో నేషనల్ డిఫెన్స్ అకాడమీలో కూడా అమ్మాయిల మొదటి జట్టు చేరింది. ఇప్పుడు ఫారం తెచ్చేది కూతురైనా, చదివి చూడవలసిన సంగతులు ఒక్కటే.

2014లో రాష్ట్రం రెండైనాక కూడా, తెలంగాణకు, ఆంధ్రప్రదేశ్‌కు ఉమ్మడి డైరెక్టరేట్ సికింద్రాబాదు నుంచే నడుస్తూ వచ్చింది. చేర్పులు సాధారణంగా బడులు తెరిచిన కొద్ది వారాల్లోనే జరుగుతాయి, సీట్లు లెక్కగా ఉంటాయి. బడిలో యూనిట్ లేకపోతే పిల్లవాడు ఒక్కడే పోయి చేరలేడు. అటువంటి చోట తల్లిదండ్రులు నలుగురు కలిసి హెడ్మాస్టరుగారిని కలవాలి, ఆయన దగ్గరలోని బెటాలియన్‌కు దరఖాస్తు పెట్టాలి.