నాన్నమ్మ కంటికీ యుద్ధవిమానానికీ ఏంటి సంబంధం?

ఈ ఎపిసోడ్ మా నాన్నమ్మ వల్ల చేస్తున్నా. రెండేళ్లు ఆవిడ కంటి ఆపరేషన్‌కి ఒప్పుకోలేదు. "శుక్లం ఇంకా ముదరలేదురా" అనేది. లేదంటే "మా నాన్నలాగా సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని తడుముకోవాలా?" అనేది. నేనేమో బీటెక్ బుర్రతో "అవన్నీ పాత నమ్మకాలు నాన్నమ్మా" అని కొట్టిపారేశా. తర్వాత చదువుతుంటే తెలిసింది, ఆవిడ చెప్పినవి రెండూ ఒకప్పుడు నిజాలే.

ముందు కన్ను సంగతి చూద్దాం. నల్లగుడ్డు ముందు అద్దంలా ఉండే పొర కార్నియా. వెలుతురుని ఎక్కువగా వంచేది అదే, దాదాపు మూడింట రెండు వంతులు. మిగతా పని కనుపాప వెనకున్న లెన్స్‌ది. రెండూ కలిసి లోపల రెటీనా మీద బొమ్మ పడేలా చేస్తాయి. వయసుతోపాటు లెన్స్‌లోని ప్రోటీన్లు ముద్దకట్టి అది మసకబారుతుంది. మనవాళ్లు "పొర కమ్మింది" అంటారు కానీ, పైన పొరేమీ పెరగదు. ఈ పొరపాటు మనదొక్కటే కాదు లెండి. కంట్లో ఏదో ద్రవం పైనుంచి దిగి తెరలా గడ్డకడుతుందని యూరప్ వైద్యులు వందల ఏళ్లు నమ్మారు. అందుకే కాటరాక్ట్ అన్నారు, లాటిన్‌లో జలపాతం అని. 1705లో ఫ్రాన్స్‌లో పియర్ బ్రిసో చనిపోయిన ఒక సైనికుడి కన్ను కోసి చూస్తే, మసకబారింది లెన్సే అని తేలింది.

వైద్యం మాత్రం అంతకన్నా చాలా పాతది. సుశ్రుత సంహితలోనే ఉంది. సన్నటి పరికరంతో పొడిచి, మసకని చూపుకి అడ్డం లేకుండా కంట్లోనే పక్కకి తోసేయడం. కాస్త వెలుతురు కనిపించేది, చీము పడితే కన్నే పోయేది. సంగీతకారుడు బాఖ్‌కి 1750లో జాన్ టేలర్ అనే వైద్యుడు రెండుసార్లు ఇలాంటి ఆపరేషనే చేశాడు. చూపు రాలేదు. కొన్ని నెలలకే బాఖ్ చనిపోయాడు. అప్పటికే 1747లో జాక్ డేవియల్ లెన్స్‌ని తోయడం కాదు, కోసి బయటికే తీశాడు.

తీశారు సరే, దాని పని ఎవరు చేస్తారు? అందుకే ఆ సోడాబుడ్డి అద్దాలు, ప్లస్ పది పవర్ చుట్టుపక్కల. మెట్టు ఉన్నచోట కనిపించదు, మనిషి పెద్దగా కనిపిస్తాడు. అలాంటి చూపు కోసం, ఉన్న కాస్త చూపుని ముందే ఎందుకు వదులుకోవాలి? పైగా ముదిరిన లెన్స్ అయితే తేలిగ్గా బయటికొచ్చేది. ముదరనివ్వమని డాక్టర్లే చెప్పేవారు.

దీన్ని మార్చింది హెరాల్డ్ రిడ్లీ. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కాక్‌పిట్ పగిలి, పెర్‌స్పెక్స్ ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నాయి. వాటిని చూసిన రిడ్లీకి ఒకటి అర్థమైంది: ఈ ముక్కలతో కన్ను పెద్దగా గొడవ పడట్లేదు. 1949 నవంబర్ 29న లండన్ సెయింట్ థామస్ హాస్పిటల్లో అదే రకం ప్లాస్టిక్‌తో చేసిన లెన్స్‌ని ఒక మహిళ కంట్లో పెట్టాడు. తోటి డాక్టర్లు మెచ్చుకోకపోగా, కంట్లో బయటి వస్తువు పెడతావా అని ఏళ్లతరబడి తిట్టారు. చివరికి ముసలితనంలో ఆయన కళ్లలోనూ అలాంటి లెన్సులే పెట్టారు, అదే హాస్పిటల్లో. 1967లో చార్లెస్ కెల్మన్ దంతవైద్యుల అల్ట్రాసౌండ్ పరికరం చూసి, లెన్స్‌ని లోపలే పొడిచేసి పీల్చే పద్ధతి తెచ్చాడు. దీనికి బాగా ముదిరిన లెన్సే కష్టం. నాన్నమ్మ లెక్క అక్కడే తలకిందులైంది.

ఇదంతా కూర్చోబెట్టి చెప్తే ఆవిడ అడిగింది ఒక్కటే, "అయితే సోడాబుడ్డి ఉండదంటావ్?"

కట్టు విప్పిన రోజు ఇంటికొచ్చి హాల్లో ఆగిపోయింది. "గోడకి నీలం రంగు ఎప్పుడు వేశార్రా?" అంది. మసకబారిన లెన్స్ పసుపెక్కి నీలాన్ని ఆపేస్తుంది. ఆ రంగు వేసి నాలుగేళ్లయింది.