వందేళ్లు లెక్కకు రాని జీవి

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ఉత్తర తీరంలో, ఇంగ్హామ్, టల్లీ పట్టణాల చుట్టుపక్కల పల్లపు అడవుల్లో తప్ప మహాగని గ్లైడర్ ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ముక్కు నుంచి తోక కొస దాకా సుమారు 60 సెంటీమీటర్లుండే ఈ జంతువు పిల్లను పొట్టసంచిలో మోస్తుంది. ముందుకాళ్లకూ వెనుకకాళ్లకూ మధ్య ఉన్న చర్మాన్ని చాపి, ఒక చెట్టు మీంచి దాదాపు 30 మీటర్ల అవతలి చెట్టు మీదికి గాలిలో జారిపోతుంది.

దీన్ని 1883లో క్వీన్స్‌లాండ్ మ్యూజియానికి చెందిన చార్లెస్ డి విస్ కొత్త జాతిగా వర్ణించాడు. తర్వాతివాళ్లు ఆ మాటను పట్టించుకోలేదు. విస్తారంగా కనిపించే స్క్విరెల్ గ్లైడర్‌లో దీన్ని కలిపేశారు. వేరే జాతిగా లెక్కే లేకపోతే అంతరించిపోతోందని ఎవరు అడుగుతారు? ఆ వందేళ్లలోనే పల్లపు అడవులు చెరకు తోటలకూ, అరటికీ, పశువుల మేతకూ, పైన్ చెట్ల పెంపకానికీ పోయాయి. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో పెద్ద నష్టం ఇదే.

అదే మ్యూజియంలో అప్పట్లో పనిచేసిన స్టీవ్ వాన్ డైక్‌కు పాత చర్మాలు పరిశీలిస్తుంటే అనుమానం వచ్చింది. అవి స్క్విరెల్ గ్లైడర్ కన్నా పెద్దవి, తోక మరీ పొడవు. వెతుక్కుంటూ వెళితే 1989లో టల్లీ ప్రాంతంలో ప్రాణాలతో ఉన్న గ్లైడర్లు దొరికాయి. అప్పటికి ఏడాది ముందే అక్కడి వర్షారణ్యాలకు ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. కానీ ఈ జంతువుకు కావలసింది దట్టమైన వర్షారణ్యం కాదు. యూకలిప్టస్, తుమ్మజాతి చెట్లు, పేపర్‌బార్క్‌లు ఎడంగా పెరిగే పలచటి అడవి. పూల తేనె, పుప్పొడి, చెట్ల రసం, పురుగులు దాని ఆహారం.

జాతికి గుర్తింపు వచ్చాక పని చెట్టూ చెట్టూ లెక్కన మొదలైంది. అడవి ముక్కల మధ్య ఖాళీ ఎక్కువైతే గ్లైడర్ అవతలికి చేరలేదు. అందుకే నడుమ మొక్కలు నాటారు. రోడ్ల పక్కన ఎత్తయిన స్తంభాలు పాతారు. ముళ్లకంచెల బాధ మరొకటి. జారుతూ వచ్చిన జంతువు చర్మం పైతీగ ముల్లుకు తగులుకుంటే, విడిపించుకోబోయిన కొద్దీ చీరుకుపోయి అక్కడే చనిపోతుంది. పైవరుసలో ముళ్లు లేని తీగ వేస్తే చాలు, ఆ చావు తప్పుతుంది.

ఊరికే వదిలేసినా ఈ అడవి నిలవదు. ఆదివాసులు తరతరాలుగా పద్ధతిగా పెడుతూ వచ్చిన నిప్పు ఆగిపోయిన చోట, వర్షారణ్యపు మొక్కలు కింద నుంచి దట్టంగా లేచి గ్లైడర్‌కు తిండి పెట్టే చెట్లను అణిచేస్తున్నాయి. 2011 ఫిబ్రవరిలో యాసి తుపాను సరిగ్గా ఈ తీరాన్నే దాటి, పూలనూ తొర్రలున్న చెట్లనూ ఊడ్చేసింది. అడవి మళ్లీ పూసేదాకా గ్లైడర్లు బతకడానికి చెట్లకు మేత డబ్బాలు కట్టాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఆస్ట్రేలియా ప్రభుత్వం ముందుగా కాపాడాల్సిన 20 క్షీరదాల జాబితాలో మహాగని గ్లైడర్‌ను చేర్చింది. మిగిలిన అడవిలో కొంత మాత్రం ఇప్పటికీ రైతుల సొంత భూముల్లోనే ఉంది. అక్కడ జాబితాల కన్నా ముందు మారాల్సింది కంచె పైతీగ.