ఎడారి పక్కన ఖరీఫ్

ఖరీఫ్ అనే మాట మన రైతుకు కొత్త కాదు. గోదావరి జిల్లాలో సార్వా అంటారు గాని, సర్కారు కాగితాల్లో అదే ఖరీఫ్. అరబ్బీలో ఆ మాటకు అర్థం శరదృతువు. కాని అరేబియాలోనే ఒక మూల, ఒమాన్‌కు దక్షిణాన ఉన్న ధోఫార్ సీమలో, ఖరీఫ్ అంటే అచ్చంగా వానాకాలమే. మనకు వానలు తెచ్చే నైరుతి ఋతుపవనమే అక్కడి కొండల్నీ తడుపుతుంది.

వాన అంటే మన కుంభవృష్టి కాదు లెండి. జూన్ చివరినుంచి సెప్టెంబరు మధ్యదాకా ఆ తీరాన సముద్రం లోతుల్లోని చల్లని నీరు పైకి తేలుతుంది. దానిమీదుగా వచ్చే తడిగాలి చల్లబడి, పొగమంచై, కొండలకు తగిలి ఆగిపోతుంది. పైన వేడి పొడిగాలి మూతలా కూర్చుంటుంది గనుక మబ్బు ఎత్తుకు ఎదగలేదు. సన్నటి తుంపర, అంతే. ఆ మాత్రానికే కొండలు పచ్చబడతాయి. వాటిని దాటి అవతలికి దిగితే మళ్లీ ఎడారి.

ఈ పచ్చదనం కోసం ఆఫ్రికానుంచి పిట్టలు వస్తాయి. బూడిదరంగు తల లకుముకిపిట్ట అందులో ఒకటి. పేరుకు లకుముకే గాని, దానికి చేపలకన్నా మిడతలూ పురుగులే ప్రీతి. మేడిచెట్లమీద పచ్చపావురాలు వాలతాయి. గిజిగాళ్లు గూళ్లు అల్లుకుంటాయి. ఆ గూళ్లలో దొంగతనంగా గుడ్డు పెట్టిపోయే కోయిలజాతి పిట్ట కూడా ఒకటుంది. మన ఊళ్లో కాకికి పట్టిన గతే అక్కడ గిజిగాడికి పట్టిందన్నమాట!

ఈ సీమ లోకానికి తెలియనిది కాదు. 14వ శతాబ్దంలో ఇబ్న్ బతూతా అక్కడ దిగి కొబ్బరిచెట్లూ తమలపాకులూ చూసి ఇండియాను తలుచుకున్నాడు. అక్కడి గుర్రాలు ఓడలెక్కి మన దేశానికి వచ్చేవని కూడా రాశాడు.

అయితే 1965 నుంచి 1975 దాకా ఆ కొండల్లో యుద్ధం నడిచింది. పొగమంచులో విమానాలు సరిగా ఎగరలేవు. తిరుగుబాటుదారులు మిర్బాత్ మీద దాడికి దిగిన 1972 జూలై 19 సరిగ్గా ఖరీఫ్ రోజుల్లోనిదే. పిట్టలకు తిండిపెట్టే మంచే మనుషులకు మాటు అయింది. యుద్ధం ముగిశాక, 1977లో, శాస్త్రజ్ఞులు అక్కడి మొక్కల్నీ జంతువుల్నీ పిట్టల్నీ లెక్కచూడటానికి వెళ్లారు. 1980లో మైకేల్ గలాఘర్, మార్టిన్ వుడ్‌కాక్‌ల పక్షుల పుస్తకం వచ్చింది. తుపాకులు దించి బైనాక్యులర్లు ఎత్తడానికి రెండేళ్లు కూడా పట్టలేదు!

శాంతి వచ్చింది, రోడ్లు వచ్చాయి, నీళ్లు వచ్చాయి. మందలూ పెరిగాయి. ఒంటెలూ ఆవులూ మేకలూ లేత చిగురును బతకనివ్వడంలేదు. మేపేవాణ్ణి తిట్టి లాభంలేదు, మంద అతని బ్రతుకు. కాని 2006లో ఆంకె హిల్డెబ్రాంట్, ఎల్ఫాతిహ్ ఎల్తాహిర్ అనే పరిశోధకులు ఒక సంగతి చెప్పారు. అక్కడి చెట్లు ఆకులతో మంచును పట్టి, బొట్లుబొట్లుగా తమ వేళ్లకే జార్చుకుంటాయి. వట్టి తుంపర వాటికి చాలదు. అంటే చెట్లు ఒకసారి పోతే, కొత్త మొక్కకు చాలినంత తడి ఉండదు, అడవి మళ్లీ లేవడం కష్టం.

చెట్టు ముందా, నీళ్లు ముందా అని మనం వాదించుకోవచ్చు. ధోఫార్‌లో మాత్రం చెట్టే ముందు. మంచు రేపు జూన్‌లోనూ వస్తుంది, పిట్టలూ వస్తాయి. వచ్చిన మంచును పట్టుకోవడానికీ, వచ్చిన పిట్ట వాలడానికీ కొమ్మంటూ ఉండాలి గదా!